ఆగి ఆగి హచ్చొళ్ళికి

బళ్ళారి వెళ్ళొచ్చానని చెప్పగానే మా ఏలూరులో ప్రతివాళ్ళూ అడిగిన మాట ఒకటే, "ఎండలు చంపేశాయా?" అని. ఎండలేం చంపలేదు. దసరా వెళ్ళి పన్నెండు రోజులు, తెల్లవారుజామున పలుచటి దుప్పటి కప్పుకోవాలనిపించేంత చల్లగానే ఉంది. కోట చూశావా, కొండెక్కావా అని రెండో ప్రశ్న. ఏమీ చూడలేదు మహానుభావా! నాలుగు రోజులుండి నేను చూసింది ఓ పాత కారు బానెట్టు కింద ఏముంటుందో, అది. ఇప్పుడు కార్బురేటరు ఎక్కడుంటుందో, కాయిలు ఎక్కడుంటుందో కళ్ళు మూసుకుని చూపించగలను. ముప్ఫై రెండేళ్ళు పిల్లలకు సోషలు పాఠాలు చెప్పుకున్న దాన్ని, నాకెందుకొచ్చిన విద్య ఇది! ఎందుకొచ్చిందో చెప్పడానికే రాస్తున్నాను. సరదా ప్రయాణం కాదు, ముందే చెబుతున్నాను.

గాంధీనగర్

నాగరత్నమ్మ నాకు కాశీ రైల్లో దొరికిన స్నేహితురాలు. ఆరేళ్ళ కిందట ఎదురెదురు బెర్తులు. నేను ఆవకాయ తీశాను, ఆవిడ శనగల పొడి తీసింది, అంతే, కాశీ చేరేసరికి ఒకరి కష్టాలు ఒకరికి కంఠతా వచ్చేశాయి. నేను ఆవిణ్ణి అక్కా అంటాను. ఆవిడ నన్ను టీచరమ్మా అంటుంది. "ఒక తూరి మా బళ్ళారి రా టీచరమ్మా, జొన్న రొట్టె ఎట్లుంటాదో చూపిస్తా" అని ఆరేళ్ళుగా పిలుస్తూనే ఉంది. ఇన్నాళ్ళకు కుదిరింది.

గాంధీనగర్‌లో ఆవిడ ఇల్లు పెద్దది, మనిషి ఒక్కతే. భర్త రామాంజి ఒకప్పుడు గనుల దగ్గర లారీలు తిప్పినవాడు. ఆయన పోయి తొమ్మిదేళ్ళయింది. లారీలు అమ్మేశారు గానీ ఆయన ఎక్కి తిరిగిన కారు మాత్రం ఈవిడ అమ్మనివ్వలేదు. పాతికేళ్ళు దాటిన పెట్రోలు బండి. ఒకప్పుడు తెలుపట, ఇప్పుడు పాలు విరిగిన రంగు. దాన్ని నడిపేది హనుమంతు. అరవై ఏళ్ళ మనిషి, సన్నగా, చొక్కా గుండీలు మెడ దాకా పెట్టుకుని, అడిగితే తప్ప మాట్లాడడు. లారీల కాలం నుంచీ, అంటే ఇరవై ఆరేళ్ళుగా ఆ ఇంట్లోనే పని.

జొన్న రొట్టె చూపించింది. అరచేతుల మధ్య చప్పట్లు కొడుతూ పలుచగా చేసి పెనం మీద వేసింది. నంజుకోడానికి గుత్తి వంకాయ, వెర్రినువ్వులతో కొట్టిన గురెళ్ళ పొడి, గడ్డ పెరుగు. మేము మూడు పూటలా అన్నం తినే జాతి కదా, రెండో రొట్టెకే నా దవడలు మొరాయించాయి. "తిను టీచరమ్మా, అన్నం తిన్నోళ్ళకు బలం యాడ వస్తాది?" అని మూడోది వేసింది. నవ్వుతూనే ఉంది గానీ ఆ నవ్వు కళ్ళదాకా రావడం లేదు. ఏమైందక్కా అని అడిగితే అప్పుడు బయటపడింది.

హచ్చొళ్ళిలో ఆవిడ తమ్ముడు పంపాపతి ఉన్నాడు. తల్లి పోయాక ఈవిడే ఎత్తుకుని పెంచిన తమ్ముడు. పదకొండేళ్ళ కిందట ఈవిడ కూతురు వీణ వేరే కులం అబ్బాయిని చేసుకుంది. తల్లిదండ్రులు ఒప్పుకుని పెళ్ళి చేశారు. పంపాపతి పెళ్ళికి వచ్చాడు, అక్షింతలు వేశాడు, విస్తరి ముందు కూర్చోకుండా లేచి వెళ్ళిపోయాడు. మా వైపు అయితే "కడుపులో బాగోలేదేమో లెండి" అని సర్దేస్తారు. అక్కడ అలా కాదు. పెళ్ళికి వచ్చి తినకుండా పోవడమంటే ఇంటివాళ్ళను చెప్పుతో కొట్టినట్టే. "ఊటా చేయకుండా పోయినాడు టీచరమ్మా, నా బిడ్డ పెండ్లిలో" అని పదకొండేళ్ళ తరవాత కూడా ఆవిడ ముక్కుపుటాలు అదిరాయి. ఆ రోజు నుంచి తమ్ముడి గడప తొక్కలేదు. రామాంజి పోయినప్పుడు అతను వస్తే ముఖం తిప్పుకుంది.

ఇప్పుడు అతనికి లివరు పాడైంది. ఆస్పత్రిలో ఇంక చేసేదేం లేదని నేను వెళ్ళిన ముందురోజే ఇంటికి పంపేశారు. మరదలు శాంతమ్మ ఫోను చేసింది, అక్కను చూడాలని ఒకటే అడుగుతున్నాడని.

"మరి ఇక్కడ రొట్టెలు చేస్తూ కూర్చున్నావేంటక్కా? లే, ఇప్పుడే బయల్దేరదాం" అన్నాను.

"లేదు. వీణను అడగల్ల. అవమానం దానిది, నాది కాదు. అది పొమ్మంటే పోతా."

"ఫోను చేసి అడుగు."

"ఫోనులో అడిగే మాటనా అది? పొద్దున్నే కుడతినికి పోదాం."

నాకు ఒళ్ళు మండింది. మనిషి అక్కడ పోతుంటే పంతాలా! కానీ ఇంటికొచ్చిన అతిథిని, నోరు మూసుకున్నాను.

కుడతిని

పొద్దున్నే బండి దగ్గర ఒక తంతు జరిగింది. బళ్ళారి వైపు ఆయుధపూజ అంటే బండ్ల పండగే. అరటి పిలకలు కట్టి, బూడిద గుమ్మడికాయ పగలగొట్టి, ప్రతి చక్రానికీ పసుపు కుంకుమలు. మేమైతే అద్దం మీద ఇంత బొట్టు పెట్టి, చక్రాల కింద నిమ్మకాయలు పెట్టి సరిపెట్టేస్తాం. వీళ్ళింట్లో అది దసరాతో ఆగదు. బండి ఊరు దాటే ప్రతిసారీ నాగరత్నమ్మ ఇత్తడి గిన్నెలో పసుపు, గంధం కలిపి ముద్దలా చేసి, బానెట్టుకు, చక్రాలకు, స్టీరింగుకు పెడుతుంది. చివర పక్కకు వెళ్ళి పెట్రోలు మూత మీద అరచేతి వెడల్పున మెత్తి, నడుమ కుంకుమ దిద్దుతుంది. పండగనాటి పసుపు ఎండి ఉంది, దానిమీదే ఇది.

"ఇక్కడెందుకక్కా?" అన్నాను.

"ఇది బండి నోరు టీచరమ్మా. తినే నోటికి పెట్టకుండా కాళ్ళకు పెడితే ఏం లాభం? ఆయన లారీలకు గూడా నేనే పెడుతుంటి. ఒక్క బండి పల్టీ కొట్టలేదు." వేలికంటిన పసుపును ఒక క్షణం చూసుకుంది. "ఇప్పుడు నాకు లేదు. బండికన్నా ఉండనీ."

కుడతిని ఇరవై పైచిలుకు కిలోమీటర్లు. అక్కడి బొగ్గు కరెంటు కేంద్రం పొగగొట్టాలు దూరం నుంచి కనబడ్డాయి, అవి కనబడిన కాసేపటికి బండి రెండు దగ్గులు దగ్గి ఆగిపోయింది. హనుమంతు తాళం తిప్పితే ఇంజను తిరుగుతుంది గానీ అంటుకోదు. దగ్గర్లో షెడ్డు ఉంటే అక్కడికి తోసుకెళ్ళారు. ఆ మెకానిక్కు గాలి ఫిల్టరు తీసి నేలకేసి తట్టాడు. బూడిద కుప్పగా రాలింది.

"చూడమ్మా. ఈడ పుట్టిన పిల్లోళ్ళ ముక్కులోనే బూడిద ఉంటాది, బండికి ఉండదా?" అన్నాడు. కార్బురేటరు కూడా విప్పి ఊది బిగించాడు. నూటయాభై తీసుకున్నాడు. బండి స్టార్టయింది. అరగంట పట్టింది. అందరికీ బూడిదే కారణమని నమ్మకం కుదిరింది. కళ్ళెదుట రాలిన కుప్పను చూశాక నమ్మకేం చేస్తాం?

వీణ భర్త కరెంటు కేంద్రంలో షిఫ్టు పనికి వెళ్ళాడు. ఇల్లు చిన్నది, కిటికీలకు తడి గుడ్డలు కట్టి ఉన్నాయి. తల్లి నిలబడే చెప్పింది, కూర్చోమన్నా కూర్చోలేదు. వీణ అంతా విని కొంగుతో ముఖం తుడుచుకుంది.

"పదకొండేండ్లు నువ్వు మోసినావు మా, నేను యాడ మోసినా? నాకు పాప పుట్టినప్పుడే మరిచిపోయినా. పో. ఇప్పుడే పో."

పోతామని లేచాం. వీణ చెయ్యి అడ్డం పెట్టింది. "మామ నా పెండ్లిలో తినలేదు కదా. నా చేత్తో చేసింది తీసుకుపో. ఒక్క తునక తింటే చాలు నాకు" అంది. పప్పు ఉడకబెట్టి, బెల్లం వేసి రుబ్బి ఓళిగలు చేయడానికి కూర్చుంది. మేము బొబ్బట్లంటామే, అవే. మూడు గంటలు పట్టింది. ఇంక ఆలస్యమవుతోందని అనబోయాను. ఆ పిల్ల కళ్ళల్లో నీళ్ళు, చేతులకు పిండి చూసి గడియారం వైపు చూడ్డం మానేశాను. ఎనిమిది ఓళిగలు నెయ్యి రాసి స్టీలు డబ్బాలో పెట్టి ఇచ్చింది.

తిరుగుదారిలో ఊరు ఇంకా నాలుగు కిలోమీటర్లుందనగా బండి మళ్ళీ ఆగింది. ఇరవై నిమిషాలు కూర్చుంటే దానంతటదే స్టార్టయింది. "మల్లా బూడిద పోయింటాది" అన్నాడు హనుమంతు. ఇల్లు చేరేసరికి దీపాలు పెట్టే వేళయింది. హచ్చొళ్ళికి పొద్దున పోదామని అనుకున్నాం. ఊళ్ళో తిరిగే వేరే కారు మాట్లాడదామా అని నేనంటే నాగరత్నమ్మ ఒప్పుకోలేదు. "మా ఆయన బండిలోనే పోయి వాని వాకిట్లో దిగుతా. ఆయప్ప గూడా వచ్చినట్లుంటాది" అంది.

సిందిగేరి దాటాక

శుక్రవారం. ఎనిమిదింటికల్లా పసుపు పెట్టడం అయింది, బయల్దేరాం. డెబ్భై కిలోమీటర్ల పైమాట, రెండు గంటల్లో చేరాలి. పెట్రోలు బంకులో ఆవిడ "నిండుకు పోయించు హనుమంతూ, దావలో మల్లా నిలపొద్దు" అంది. బంకు మనిషి మూత బిగించేసరికి అతని వేళ్ళకు పసుపు అంటుకుని చెదిరింది. ఆవిడ ఊరుకుంటుందా! ఆకులో పొట్లం కట్టుకున్న ముద్ద తీసి, దిగి, మళ్ళీ మెత్తి, కళ్ళకద్దుకుని ఎక్కింది.

ఆ దారి అందంగానే ఉంది. నల్లరేగడి, కాలవ నీళ్ళు, పొట్ట మీదున్న వరి. మా గోదావరి జిల్లానే ఎవరో తీసుకొచ్చి ఇక్కడ పరిచారా అనిపించింది. సిందిగేరి దాటిన కాసేపటికి బండి దగ్గింది, ఆగింది.

హనుమంతు బానెట్టు ఎత్తాడు. "ఎండకు పెట్రోలు ఆవిరైతాండాది టీచరమ్మా" అని తువ్వాలు తడిపి పెట్రోలు పంపు మీద కప్పాడు. ముప్పావుగంటకు స్టార్టయింది. తడి గుడ్డ పనిచేసిందని ముగ్గురం సంతోషించాం. ఇప్పుడు తలుచుకుంటే గుడ్డ కప్పినా కప్పకపోయినా ముప్పావుగంటకు అది స్టార్టయ్యేదే.

తెక్కలకోట

మరో పది కిలోమీటర్లు. తెక్కలకోట ముందు మళ్ళీ ఆగింది. ఈసారి ఎవరో ఊళ్ళోంచి బైకు మీద ఎలక్ట్రీషియన్ను తీసుకొచ్చారు. అతను ప్లగ్గు వైరు లాగి ఇంజనుకు దగ్గరగా పట్టి, తాళం తిప్పమన్నాడు. నీలంగా నిప్పు ఎగిరింది.

"కరెంటు బాగనే వస్తాండాదే!" అన్నాడు.

"మరి ఏంటి బాబూ?" అన్నాను.

"కాయిలు వేడైనాక ఇస్తాండదు, సల్లగైతే ఇస్తాండాది. అట్లాంటి జబ్బు ఉంటాదమ్మా" అని కండెన్సరు మార్చాడు, కాయిలు కోసం ఊళ్ళోకి పోయాడు. వచ్చేసరికి గంటన్నర. ఆ లోపల రోడ్డు పక్క బండి మీద ఉగ్గాని, మిరపకాయ బజ్జీ తిన్నాం. ప్లేటు నలభై. బొరుగులు నానబెట్టి తాలింపు పెట్టిన ఆ ఉగ్గాని మా ఏలూరులో ఎందుకు చేయరో నాకర్థం కాదు, అంత బాగుంది. నాగరత్నమ్మ ముట్టలేదు. డబ్బా ఒళ్ళో పెట్టుకుని రోడ్డు వైపే చూస్తూ కూర్చుంది.

శాంతమ్మ ఫోను చేసింది. "యాడుండారు వదినా? కండ్లు వాకిలి పక్కే పెట్టుకోనుండాడు. పిలగాళ్ళను బైకు మీద పంపేదా?"

"వాణ్ణి ఇడిసిపెట్టి ఎవురూ రావద్దు. వస్తాండా, ఇంగ గంట."

అప్పుడే సిరుగుప్ప బస్సు వచ్చి ఆగింది. "అక్కా, ఎక్కేద్దాం. సిరుగుప్పలో ఆటో దొరుకుతుంది" అన్నాను, సంచీ కూడా భుజాన వేసుకున్నాను. సరిగ్గా ఆ క్షణానే కొత్త కాయిలు వేసిన బండి గుర్రుమని స్టార్టయింది. హనుమంతు ముఖం వెలిగిపోయింది. "దొరికిందమ్మా జబ్బు! రండి, బస్సు కంటే ముందుంటాం." నాగరత్నమ్మ నా వైపు చూసింది. సరే అన్నది నేను. ఆ సరే అన్న మాటను ఇప్పటికీ నోట్లోకి వెనక్కి లాక్కోవాలనిపిస్తుంది.

సిరుగుప్ప పొలిమేర

బస్సును దాటాం. ఊరికి నాలుగు కిలోమీటర్ల ముందు, ఒక రైస్‌మిల్లు ఎదుట, మళ్ళీ ఆగింది. హనుమంతు తాళం తిప్పాడు, తిప్పాడు, తిప్పుతూనే ఉన్నాడు. చివరికి ఇంజను తిరగడం కూడా మానేసి టక్కుమంది. బ్యాటరీ అయిపోయింది. అతను స్టీరింగు మీద తల పెట్టుకున్నాడు. అంత నెమ్మది మనిషి "థూ, నా జన్మకు!" అని తనను తానే తిట్టుకున్నాడు.

చెయ్యెత్తితే బస్సులు ఆగలేదు. వచ్చిన ఆటోల నిండా పొలం పనులకు పోయే కూలీలు, కాలు పెట్టే సందు లేదు. మిల్లు పక్కన ట్రాక్టర్లు బాగుచేసే షెడ్డు ఒకటుంది, దానికి తాళం. మాబుసాబు నమాజుకు పోయినాడు, శుక్రవారం కదా, రెండింటికి వస్తాడు అన్నారు మిల్లు దగ్గరివాళ్ళు. నాగరత్నమ్మను ఎంతసేపని రోడ్డు మీద నిలబెట్టను? మిల్లు వసారాలో బస్తా మీద కూర్చోబెట్టాను. ఆవిడ నన్ను ఒకటే అడిగింది, "ఉంటాడా టీచరమ్మా? నేను పోయేవరకు ఉంటాడా?" అని. ఉంటాడక్కా, నీకోసం ఉంటాడు అన్నాను. దేవుడిలా మాటిచ్చేశాను.

మాబుసాబు రెండు దాటాక టోపీ జేబులో పెట్టుకుంటూ వచ్చాడు. డెబ్భై ఏళ్ళుంటాయి. అందరిలా బానెట్టు ఎత్తలేదు. బండి చుట్టూ ఒకసారి తిరిగి, బీడీ ముట్టించుకుని, హనుమంతును కూర్చోబెట్టి అడిగాడు.

"ఊర్లో తిరిగితే ఆగుతాదా అప్పా?"

"లేదు సాబూ."

"నిన్న పెట్రోలు ఎంత ఉండె? నేడు ఎంత ఉండాది?"

"నిన్న సగం. నేడు పొద్దున్నే నిండుకు పోయిస్తిమి."

"నిన్న ఎంత దూరానికి ఆగె? నేడు ఎంత దూరానికి?"

హనుమంతు ఆలోచించాడు. "నిన్న ఇరవైకి. నేడు పదిహేనుకు, పదికి... నిండుకు పోసినాకనే జాస్తి ఆగుతాండాది సాబూ."

మాబుసాబు బీడీ పారేసి తిన్నగా పెట్రోలు మూత దగ్గరికి వెళ్ళాడు. తిప్పాడు. రాలేదు. గుడ్డ పెట్టి బలంగా తిప్పాడు. మూత ఊడగానే బుస్సుమని గాలి లోపలికి పీల్చుకుపోయింది. నాకే వినబడింది ఆ చప్పుడు. ట్రాక్టరు బ్యాటరీ తెచ్చి వైర్లు తగిలించి, "ఇప్పుడు కొట్టు" అన్నాడు. ఒక్క తిప్పుకు ఇంజను అందుకుంది.

మూత తిరగేసి నాకు చూపించాడు. "ఈడ చూడమ్మా. సూది మొన అంత తూటు. పెట్రోలు పోయే కొద్దీ ఈ తూటులోంచి గాలి లోపలికి రావల్ల. సీసా నోట్లో పెట్టుకోని గాలి తీసుకోకుండా తాగితే ఏమైతాది? పెదాలకు పట్టుకోని నీళ్ళు రావు కదా. అట్లా. ట్యాంకు నిండుగుంటే లోపల గాలి తక్కువ, ఇంకా జప్పున పట్టుకుంటాది. కొంచెంసేపు నిలిపితే సందుల్లోంచి రవంత గాలి దూరి మల్లా స్టార్టయితాది. బండిలో ఏం జబ్బు లేదు." మళ్ళీ పైకి తిప్పి గోటితో గీకాడు. పొరలు పొరలుగా పసుపు పెచ్చు లేచింది, మధ్యలో కుంకుమ ఎర్రగా. "తూటు మీద ఇంత మందం పసుపు ఎవురు మెత్తినారమ్మా?"

నేనూ హనుమంతూ ఇద్దరం మిల్లు వసారా వైపు చూశాం. ఆవిడ కళ్ళు మూసుకుని పెదాలు కదుపుతోంది, జపం చేస్తున్నట్టుంది. మాబుసాబు మా చూపు వెంట చూసి ఇంకేమీ అడగలేదు. సూది తెచ్చి తూటు పొడిచి, మూత శుభ్రంగా తుడిచి బిగించాడు. డబ్బులివ్వబోతే, "పసుపు తుడిచినదానికి దుడ్లేందమ్మా, పోండి, జప్పున పోండి" అన్నాడు.

హనుమంతు నా ముందు చేతులు జోడించాడు. "అమ్మకు చెప్పొద్దు టీచరమ్మా. ఆయమ్మ తట్టుకోలేదు."

హచ్చొళ్ళి

మూడింటికి ఊరు చేరాం. బండి ఎక్కడా ఆగలేదు. సందు మలుపు తిరుగుతుండగానే ఆడవాళ్ళ ఏడుపు వినిపించింది. నాగరత్నమ్మ నా చెయ్యి పట్టుకుంది. గోళ్ళు దిగాయి.

"అరగంట ముందర వచ్చింటే వదినా! అరగంట!" అని శాంతమ్మ గడపలోనే మీద పడింది. "అక్క వచ్చెనా, అక్క వచ్చెనా అని అడిగి అడిగి..."

నాగరత్నమ్మ అరవలేదు. తమ్ముడి పక్కన నేల మీద కూలబడి, బుగ్గ మీద చెయ్యి వేసి, చిన్నపిల్లాణ్ణి లేపినట్టు లేపింది. "వచ్చినా రా పంపా. చూడు, వీణ ఊటా పంపించింది. తింటువు, లెయ్యి రా. ఒక్క తునక." డబ్బా మూత తీయబోతే పెద్దావిడ ఒకతె చెయ్యి పట్టుకుంది. పీనుగ ఉన్న చోట బయటి వంట పెట్టకూడదట. డబ్బా మూసేసి ఒళ్ళో పెట్టుకుంది. అప్పుడు ఏడ్చింది. నేను చాలా ఏడుపులు చూశాను, అలాంటిది చూడలేదు, మళ్ళీ చూడాలని లేదు.

సాయంత్రం అరుగు మీదికి వచ్చి హనుమంతును పిలిచింది. "బండికి ఏమై ఉండె?"

హనుమంతు తల వంచుకున్నాడు.

"పెట్రోలులో చెత్త, కసర చేరిందమ్మా. ట్యాంకు కడిగి మూడేండ్లాయె. నేను చూసుకోవాల్సింది. తప్పు నాది."

"మూడేండ్లు..." ఆవిడ గొంతు పైకి లేవలేదు. "నా తమ్ముడు నన్ను చూడకుండా పోయినాడు హనుమంతూ. కండ్లు తెరుచుకోనే పోయినాడు. నా ముందర నిలబడొద్దప్పా ఇంగ. పో."

అతను తాళం చెవి అరుగు మీద పెట్టి, చెప్పులు చేత్తో పట్టుకుని వాకిలి దాటి, బయట వేసుకుని, బస్సు ఆగే వైపు నడిచాడు. ఇరవై ఆరేళ్ళ పని ఆ వాకిట్లో అయిపోయింది. నేను స్తంభానికి ఆనుకుని నిలబడే ఉన్నాను. నోరు తెరిస్తే అతనికి న్యాయం జరుగుతుంది, ఆవిడ బతికినన్నాళ్ళూ చస్తుంది. తెరవలేదు. అది మంచితనమో పిరికితనమో ఇప్పటికీ తేల్చుకోలేదు. పిరికితనమే ఎక్కువనుకుంటాను.

మర్నాడు పొద్దున దహనం అయింది. ఓళిగలు పాడైపోయాయి. కాలవ గట్టున ఆవిడ వాటిని చేపలకు వేసి, డబ్బా మట్టితో తోమి, కడిగి, కొంగుతో తడి లేకుండా తుడిచింది. "వీణకు వాపసు ఇయ్యల్ల కదా" అంది.

తిరుగు ప్రయాణానికి ఆ ఊరి మనిషి ఒకతను బండి నడిపాడు. మైల కాబట్టి బండికి పసుపు పెట్టలేదు. హచ్చొళ్ళి నుంచి గాంధీనగర్ దాకా ఎక్కడా ఒక్క దగ్గు దగ్గలేదు.

"చూసినావా టీచరమ్మా, వాడు పోతానే బండి బాగైంది" అంది ఆవిడ కిటికీలోంచి చూస్తూ. నేను వరి చేలు చూస్తున్నట్టు నటించాను.

ఏలూరు

ఇంటికొచ్చాక వారం ఆగి హనుమంతుకు ఫోను చేశాను. బడి వ్యానుకు కుదిరాడట. ఎందుకు అంత నింద నెత్తినేసుకున్నావయ్యా అన్నాను.

"కోపమైతే ఆయమ్మ మింగుతాది టీచరమ్మా. పసుపు మాట మింగలేదు" అన్నాడు. అంతకంటే చెప్పలేదు, పిల్లలు ఎక్కుతున్నారని పెట్టేశాడు.

పెద్దకర్మ అయ్యాక నాగరత్నమ్మ ఫోను చేసింది. నేను యాత్రలు రాస్తానని ఆవిడకు తెలుసు. "మా ఊరి గురించి రాసినావా? పంపాపతి గురించి రాసినావా?" అంది. రాశానన్నాను. "అట్లయితే చదివి వినిపించు. నేను కన్నడ బడిలో చదివిన దాన్ని, మాట్లాడేది తెలుగే గానీ మీ అక్షరం నాకు ఒక్కటి రాదు."

చదివాను. జొన్న రొట్టె దగ్గర నవ్వింది. ఆయుధపూజ మాట, పసుపు మాట ఎత్తకుండా కుడతినికి పోయాను. వీణ మాటల దగ్గర ఆవిడ ముక్కు చీదింది. సిరుగుప్ప పొలిమేర వచ్చింది. మాబుసాబును దాటేసి, పెట్రోలులో కసరుందని అక్కడికక్కడే కల్పించి చదివి, హచ్చొళ్ళిలోకి వెళ్ళిపోయాను. ఆవిడ చివరిదాకా విన్నది.

"టీచరమ్మా, హనుమంతు పేరు ఉన్నదున్నట్లే పెట్టినావా?"

"పెట్టానక్కా."

"తీసెయ్. ఎవురన్నా చదివి వానికి చెప్తే బాధపడతాడు. నాకు వాని ముఖం చూసే ఓపిక లేదు, అది వేరే. ఇరవై ఆరేండ్లు బాగ చూసుకోని ఒక్కసారి మరిచిపోయినాడు. దానికి లోకమంతా వాణ్ణి అనల్లనా?"

అలాగే అక్కా అన్నాను. ఫోను పెట్టేసి కాగితాలు ముందేసుకుని పొద్దుపోయేదాకా కూర్చున్నాను. హనుమంతు పేరు ఉన్నచోటల్లా అలాగే ఉంచాను. మార్చింది ఆవిడ పేరు.